గోడ మీద తొంభై ఐదు

మిర్యాలగూడలో మా నాన్నది బట్టల దుకాణం. చీరకు రేటు ఎక్కువ చెప్పడం, కొనేవాళ్లు అలిగి మెట్లు దిగడం, మేం వెనక్కి పిలవడం, మధ్యలో ఎక్కడో బేరం తెగడం. నాకు అక్షరాల కంటే ముందు వచ్చిన విద్య ఇదే. పెళ్లయి సూర్యాపేట వచ్చాక కొత్తిమీర కట్ట దగ్గర కూడా నా నోరు ఊరుకోదు. అంతటి దాన్ని, నా బిడ్డ బడిలో జరిగిన బేరాన్ని మాత్రం ఆలస్యంగా పసిగట్టాను.

ఏడో తరగతి పిల్లలకు రంగు అట్టముక్కలిచ్చి, ఈ పరీక్షకు మీ లక్ష్యం రాయండి అన్నారట. లెక్కలంటే వణికే నా కూతురు, 'భిన్నాల లెక్కలు ఎవరినీ అడగకుండా చేస్తాను' అని రాసుకుంది. లెక్కల సారు అది కొట్టేసి, ఎర్ర సిరాతో 95 అని వేసి గోడకు అంటించాడు.

పిల్ల వంటింటి గడప మీద కూర్చుని భిన్నాలతో కుస్తీ పట్టింది. నేను కాల్చిన రొట్టెల్ని ముక్కలు చేసి నాకే పాఠం చెప్పింది. పరీక్షలో భిన్నాలన్నీ ఒప్పే. అంతకు ముందు పాసవడమే గగనమైన పిల్లకు డెబ్బై దాటాయి. అయినా ఆమె అట్ట కింద ఎర్ర బిళ్ల అంటించారు, లక్ష్యం తప్పినవాళ్ల గుర్తుగా.

"నాకు లెక్కలు రావమ్మా" అంది ఇంటికొచ్చి. వచ్చిన భిన్నాలకు కూడా తరగతిలో చెయ్యెత్తడం మానేసింది.

నాకు ఒళ్లు మండింది. తెల్లారి బడికి పోయాను.

"పిల్ల రాసుకున్నది ఎందుకు కొట్టేసిండ్రు సార్?"

సారుది కోదాడ. మాట మెత్తన. "అది లక్ష్యమేంటండీ? అంకె ఉండాలి కదా. తొంభై ఐదు పెట్టబట్టే డెబ్బై దాటింది."

"అంటే తొంభై ఐదు రాదని మీకు ముందే తెలుసా?"

మా నాన్న దుకాణం సంగతి ఆయనకు తెలుసు. నవ్వాడు. "మీకు తెలియని వ్యాపారమా అమ్మా! ఎక్కువ చెప్తేనే కదా అనుకున్న రేటు వచ్చేది."

"చీరకు తెల్వదు సార్, దాని రేటు తగ్గిందని. పిల్లకు తెలుస్తది. మీరు చెప్పిందే అసలు రేటు అనుకున్నది!"

ఆయన గడియారం చూసుకున్నాడు.

"గోడ మీదియన్నీ పీకేయుండ్రి" అన్నాను. నాకు కావలసింది ఒక్కటే. అడగడం మాత్రం అన్నీ.

"కుదరదండీ."

అలిగి మెట్లు దిగాను, పిలుస్తాడని. ఆఖరి మెట్టు మీద చెప్పు సర్దుకుంటున్నట్టు కాసేపు వంగాను కూడా. పైన తలుపు మూసుకుంది. మా నాన్న చూసి ఉంటే దుకాణంలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

మళ్లీ నేనే ఎక్కాను. "నా బిడ్డది ఇయ్యుండ్రి. ఆమె రాసుకున్నదే గోడ మీద ఉంటది. లేకుంటే కుర్చీ ఏస్కొని గీడనే కూసుంట."

విసుక్కుంటూ పాత అట్ట పీకేశాడు. కూతుర్ని పిలిపించి కొత్త అట్ట చేతికిచ్చాడు. పిల్ల కలం పట్టుకుని నా వైపు చూసింది.

"ఎంత రాయాలమ్మా? ఎంత రాస్తే సార్ కొట్టెయ్యడు?"

మొన్న ఎవరినీ అడగకుండా తన మాట తానే రాసుకున్న పిల్ల! అలవాటు కొద్దీ ఓ అంకె నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"త్వరగా రాయమ్మా, క్లాసుంది" అన్నాడు సారు.

"కొట్టేసేటప్పుడు గంత తొందరపడ్డరు. రాసేటప్పుడన్న జర ఆగుండ్రి సార్" అన్నాను.