మిషన్ మింగిన కార్డులు

తార్నాకలో ఒకప్పుడు మా కింది వాటాలో ఉన్న సారు మొన్న ఆదివారం పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట.

ఆయనది కర్నూలు వైపు. అరవైల చివర్లో యూనివర్సిటీ కంప్యూటర్ గదికి ఇన్‌చార్జిగా ఉండేవారు. నేను ఒక పత్రికకు క్యాంపస్ వార్తలు రాసేవాణ్ణి. సారు ఏ కొత్త వస్తువునూ వెంటనే నమ్మేవారు కాదు. కొత్త తాళం తెచ్చిన రోజున గుమ్మం బయట నిలబడి వేస్తూ, తీస్తూనే ఉన్నారు.

"దొంగలకు నేర్పిస్తాండావా ఏంది?" అని లోపలి నుంచి ఆయన భార్య అరిచింది.

"తాళం కొత్తది, గొళ్లెం పాతది. రెండూ కలవాల కదా!"

ఆ ఏడాది కంప్యూటర్‌కు కార్డులు చదివే కొత్త పరికరం వచ్చింది. ఒక్కో విద్యార్థి నంబరు, మార్కులు ఒక్కో అట్టకార్డు మీద రంధ్రాలుగా ఉండేవి. కొత్త పరికరం చాలా వేగం. దాన్ని నడిపే ప్రోగ్రాం మాత్రం పాతదే. ఇప్పుడు కంప్యూటర్లవాళ్లు డ్రైవర్ అంటున్నది అలాంటిదాన్నే. సప్లిమెంటరీ ఫలితాల మొదటి విడత దానితోనే తీసి ప్రకటించారు. జాబితాలో నంబరు లేకపోతే ఫెయిలే.

రెండో విడతను సారు ఆపేశారు. ఒకే కార్డుల కట్టను రెండుసార్లు వేస్తే రెండు రకాల జాబితాలు వచ్చాయని పైవాళ్లకు చెప్పారు. మిషన్ తప్పు చూపలేదు కదా అన్నారు వాళ్లు.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకుంటున్న రోజులవి. క్యాంపస్ గేటు దగ్గర పోలీసు లారీలు ఆగి ఉండేవి. ఆంధ్రా ఆఫీసరు మన పిల్లల ఫలితాలు తొక్కిపెట్టాడన్న మాట హాస్టళ్లలో పాకింది. మా ఇంటి గోడ మీద ఎవరో తారుతో 'వెళ్లిపో' అని రాశారు. సారు అది చదివి, సైకిలెక్కి డ్యూటీకి వెళ్లారు. జాబితా ప్రకటించేస్తే ఆ రోజే గొడవ తీరిపోయేది.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్ గది ముందు గుంపు చేరింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఎందుకు ఆపినవ్ సార్? మా బతుకులంటే మజాకా?" అన్నాడు ముందున్న విద్యార్థి.

"నీ నంబరు చెప్పు నాయనా," అని సారు అతన్ని లోపలికి తీసుకెళ్లారు. అతని కార్డు ఉన్న కట్టను మిషన్‌లో పెట్టారు. అతని నంబరు వచ్చింది. పాస్. అదే కట్టను మళ్లీ మళ్లీ వేశారు. ఒక్కోసారి ఒక్కో నంబరు లేదు. చివరికి అతనిదే లేదు. గంట మోగలేదు, ఎర్రదీపం వెలగలేదు. కుర్రవాడు కాగితమంతా వెతికాడు.

"గిదేంది సార్? నేనేడ వోయిన?"

"ముందు కార్డును రాసుకునే లోపలే నీ కార్డు వచ్చి పోయింది. పాత ప్రోగ్రాంకు ఈ వేగం తెలీదు. తప్పు చేసి అరిచే మిషన్‌తో భయం లేదప్పా. తప్పు చేసి గమ్మునుంటాది చూడు, దాంతోనే."

వార్తను రెండుచోట్ల అడిగాకే రాయడం నాకు ఆ మాటతోనే అలవాటైంది.

కుర్రవాడు బయటికొచ్చి చూసింది చెప్పాక గుంపు వెళ్లిపోయింది. సారు ప్రోగ్రాంను తిరగరాశారు. రెండో విడత ఎన్నిసార్లు తీసినా ఒకటే జాబితా వచ్చింది. మొదటి విడతనూ మళ్లీ తీద్దామని ఆయన పట్టుబట్టారు. ఆ కార్డులను అప్పటికే చిత్తుకాగితాల కింద అమ్మేశారని తెలిసింది.

కొన్నాళ్లకు తార్నాక చౌరస్తాలో ఇద్దరం పల్లీలు కొన్నాం. బండివాడు ఒక అట్టకార్డును గరాటులా చుట్టి అందులో పోసిచ్చాడు. సారు పల్లీలను నా దోసిట్లో ఒంపి, కార్డును విప్పి ఎండకు ఎత్తి పట్టుకున్నారు. రంధ్రాల వెంట వేలు నడిపారు.

"పాసే," అన్నారు.

బండివాడు ఇంకో కార్డు చుడుతున్నాడు.