ఎవరూ అడగని సాక్షి

చాలా ఏళ్ల కిందట బందరు నుంచి గుడివాడ వెళ్లే బస్సులో పేపరు చదువుతున్నాను. మా జిల్లా వాలీబాల్ ఆటగాడు లాడ్జి గదిలో ఒక అమ్మాయిని బలాత్కరించాడన్న కేసును సాక్ష్యం లేదని పోలీసులు మూసేశారట. అతనంటే పడిచచ్చే నాకే కేసు అలా మూసేయడం మింగుడుపడలేదు.

పక్క సీటాయన దాని మీద వేలు పెట్టి, “ఆ గది తలుపు తీయించి అమ్మాయిని బయటికి తీసుకొచ్చింది నేనేనండి. ఆ లాడ్జిలోనే పని,” అన్నాడు.

ఆ ఆటగాడంటే గిట్టనివాళ్ల మనిషేమోనని అనుమానం వచ్చింది. “మరి పోలీసులకు చెప్పలేదా?” అన్నాను.

“రెండుసార్లు వెళ్లానండి. అవసరమైతే పిలుస్తామన్నారు. ఆయన ఆటంటే నాకూ ప్రాణమేనండి.”

గుడ్లవల్లేరులో దిగిపోయాడు. నేనూ పేరడగలేదు. ఆయన చెప్పింది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. గుడివాడలో ఆ ఆటగాడికి సన్మానం చేసిన రోజున మాత్రం, ముందు వరుస పాసు చేతిలో ఉన్నా వెళ్లలేకపోయాను.