ఉల్కాన్ పెట్టని సంతకం

మా చెల్లెలు ఉల్కాన్‌కు పదహారేళ్లు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ అని కిర్గిజ్ కొండల్లోని మా ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఇప్పుడు రెండూ తక్కువే. కిందటి శరత్కాలంలో స్కూలు వ్యాను నడిపే కుబన్ ఆమెపై అత్యాచారం చేశాడు. మూడోరోజు ఆమే అమ్మకు చెప్పింది, ఆమే ఫిర్యాదు రాసింది. అతన్ని లోపల వేశారు.

అప్పటినుంచి జిల్లా పట్నంలో పోలీసు ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో. తొమ్మిదో తరగతితో చదువు మానేసి ఇంట్లో ఉన్నదాన్ని, నేనే తోడు. ఏ గదికి వెళ్లినా కొత్త మనిషి, మొదటినుంచి చెప్పమనేవాడు. ఉల్కాన్ చెప్పేది. ఒకాయన, "ఇంత వివరంగా గుర్తుందే, పరీక్షల్లో ఎన్ని మార్కులొస్తాయేంటి?" అన్నాడు. పక్కాయన నవ్వాడు. ఉల్కాన్ తన మార్కులు చెప్పింది. నిజంగానే అడిగాడనుకుంది.

బస్సులో పొరుగింటి సైరా పిన్ని, "మళ్లీ పట్నమేనా తల్లీ? మీకోసం వేరే బస్సు వేయించాలి," అనేది.

మంచు కరిగాక కుబన్ పెదనాన్న, మరో ఇద్దరు పెద్దలు గొర్రెను తోలుకుని రాజీకి వచ్చారు. అమ్మ గొర్రెను గేటు దాటనివ్వలేదు, రాజీ మాటే లేదంది. కానీ గడప తొక్కినవాళ్లను రొట్టె తుంచకుండా పంపడం మా ఊళ్లో ఎవరికీ చేతకాదు. గుడ్డ పరిచి రొట్టె పెట్టింది, టీ పోసింది. అలవాటుకొద్దీ తానూ ఓ ముక్క నోట్లో వేసుకుంది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తగవులో ఉన్నవాళ్లు కలిసి రొట్టె తింటే రాజీపడ్డట్టేనని మా పెద్దల లెక్క.

వారం తిరక్కుండా పోలీసుల నుంచి కబురొచ్చింది. ఈసారి దర్యాప్తు అధికారి తురాత్ అనే కొత్తాయన. కాగితం సిద్ధంగా ఉంది: ఇరుపక్షాలు కలిసి రొట్టె తిన్నారు, రాజీపడ్డారు, అమ్మాయి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటోంది. పెద్దలు ముగ్గురూ సంతకాలు చేసేశారు. ఉల్కాన్ కూడా చేస్తే కుబన్ సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు, సోమవారం మళ్లీ వ్యాను తీస్తాడు.

రొట్టె పెట్టానే గానీ రాజీపడలేదని అమ్మ మొత్తుకుంది.

"తిన్నారా లేదా, అది చెప్పమ్మా," అన్నాడు తురాత్.

"తిన్నాం."

"మరింకేం."

ఉల్కాన్ కాగితం రెండుసార్లు చదివింది. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. సంతకం పెట్టేస్తుందనుకున్నాను. పెట్టేస్తే ఈ తిరుగుడు తప్పుతుందని ఒక్క క్షణం నాకే అనిపించింది.

ఆమె పెన్ను కిందపెట్టింది.

"రొట్టె పెట్టింది మా అమ్మ సార్. ఫిర్యాదు ఇచ్చింది నేను. నన్నెవరూ అడగలేదు."

తురాత్ మొహం రుద్దుకున్నాడు. ముందున్నాయన రాసిన వాంగ్మూలం ఫైల్లో సగమే ఉందన్నాడు. "అయితే మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిందే. పొద్దుపోతుంది మరి."

"చెప్తాను."

వరండాలో జనం లోపలికి తొంగి చూస్తున్నారు. నేను లేచి, ఎవరినీ అడక్కుండా తలుపు వేసి, దానికే ఆనుకుని నిలబడ్డాను. ఉల్కాన్ చెప్పడం మొదలుపెట్టింది.