మిగిలింది ఎవరికి?

మాది విజయనగరంలో కిరాణా కొట్టు. చెప్పిన ధరకు వస్తువు కొనడం మా ఇంటావంటా లేదు. అలాంటి నేను హుకుంపేట దగ్గర ఒక కొండబడిలో లెక్కల టీచరుగా చేరిన కొత్తలో జరిగిందిది.

భాగహారం చెబుతుంటే ఐదో తరగతి సుక్రి లేచి, "శేషం మిగిలింది కదా మేడమ్, అది ఎవులికి ఇత్తారు?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తనకు లెక్కలు రావనుకుని మర్నాటి నుంచి సుక్రి బడి మానేసింది.

వారం ఆగి, తీసుకొద్దామని వాళ్ల ఊరు వెళ్లాను. ఆరోజు పండగ. వాళ్ల తాత మేకమాంసం కోసిస్తుంటే, సుక్రి అడ్డాకుల మీద ఇంటికో పోగు చొప్పున పదిహేడు, నాకొకటి కలిపి పద్దెనిమిది పోగులు పెడుతోంది. చివర నాలుగు ముక్కలు మిగిలితే వాటిని సన్నగా కోయించి అన్ని ఆకుల్లోనూ సర్దింది.

ఒకటి తీసుకోమన్నారు. నా కళ్లు పెద్ద పోగు కోసం వెతికాయి.

"ఏదైనా ఒకటే మేడమ్" అంది సుక్రి.

మాటమీద నమ్మితే నేను కొట్టువాళ్ల పిల్లనెలా అవుతాను? ఎక్కడికెళ్లినా సంచిలో ఉండే కొక్కెం కాటా తీసి రెండు పోగులు తూచాను. రెండుసార్లూ ముల్లు ఒకేచోట ఆగింది. ఊరంతా నన్నే చూస్తోంది.

"కాటా ఏటికమ్మా? మా గుంట సుక్రి కన్ను సాలదా?" అన్నాడు తాత.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. శేషాన్ని మళ్లీ పంచడమేగా దశాంశాలంటే! నేను నవ్విన ప్రశ్నకు జవాబు ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"రేపు బడికి రా తల్లీ" అన్నాను.

"వత్తాను. మిగిలింది పంచడం కూడా సెప్పాలి మరి."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడిగినదానికి బేరమాడకుండా ఒప్పుకున్నాను.