దబ్బతొక్క వేసిన జిన్ను

మొన్న మా తమ్ముడి ఇంట్లో భోజనాలకు ముందు ఎవరో జిన్ను సీసా మూత తీశారు. ఏవేవో మూలికలూ తొక్కలూ వేసి కొద్దికొద్దిగా బట్టీలో దించే రకమట, ఇప్పుడదే గొప్పట. ఆ వాసన తగలగానే నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పుదుచ్చేరి బీచి రోడ్డు పక్కన ఒక హోటల్లో బారు చూసేవాణ్ణి. మన ఈడువాళ్ళకు అప్పట్లో జిన్నంటే నిమ్మకాయ పిండుకొని ముక్కు మూసుకొని మింగడమే కదా. ఫ్రాన్సులో పని నేర్చుకొని వచ్చిన మా మేనేజరు మాత్రం జిన్నుకు ఆ వాసన తెచ్చే జునిపెర్ కాయలు, ధనియాలు, నారింజ తొక్క ఒక్కొక్కటే ముక్కుకు తెలిసొచ్చేదాకా నన్ను గ్లాసు ముట్టనివ్వలేదు. నిమ్మరసం బదులు దబ్బతొక్క సన్నగా చీరి, జిన్నులో కలిపే టానిక్కనే చేదు సోడాలో వేయడం నేను కనిపెట్టిందే, దానికి నేను పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు. ఉప్పళంలో ఇంటికి పోయి, అమ్మ పోయాక నన్ను పెంచిన పిన్ని ముందు కూర్చుని, ఆమెకు పట్టినా పట్టకపోయినా రోజూ ఇదే పురాణం.

ఆ ఏడే పిన్నికి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు చేతులెత్తేశారు, గంజి కూడా దిగేది కాదు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకొని, సగం గాలే అయిన గొంతుతో అడిగింది.

"రవంత జిన్ను యాడన్నా దొరుకుతాదేమో చూడరా."

నాకలాగే వినబడింది. నా కబుర్లన్నీ ఆమె మనసుకెక్కాయని పొంగిపోయి, మరునాడే కాస్త జిన్నులో నిండా టానిక్కు కలిపి, దబ్బతొక్క వేసి, చెంచాతో పట్టాను. పిన్ని మింగింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. "బాగుందిరా" అంది. నాలుగు రోజులకు పోయింది.

పిన్ని పోయిన మూడోనాడు కిరుమాంబాక్కం నుంచి ఆమె చిన్నాయన కూతురు క్యారియరు పట్టుకొని వచ్చి, గడపలోనే కూలబడింది.

"జున్నుపాలు కావాలని అక్క పాలాయనతో కబురంపింది. ఆవు నిన్ననే ఈనింది నాయనా."

మేమంతా అరవంలో సీంపాలు అనేవాళ్ళం. జున్ను పిన్ని పుట్టింటి మాట, నా చెవికి ఎప్పుడో దూరమైంది. బారు చూసేవాణ్ణి పట్టుకొని జిన్ను యాడన్నా దొరుకుతాదా అని ఎవరైనా అడుగుతారా? ఆ మాత్రం ఆలోచన రాలేదు నా పాడు బుర్రకు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఆ కాస్త తెలుగూ లేదు, పెద్దవాళ్ళు ఏమడిగినా వాళ్ళకు సగమే అర్థమవుతుంది. వాళ్ళను తిట్టే మొహం నాకెక్కడిది? మంటగా ఉందని పిన్ని ఒక్క మాట అనుంటే ఆ చెంచా విసిరికొట్టేవాణ్ణి. అనలేదు, నేను చిన్నబుచ్చుకుంటానని.