నాలుగో మంచం రీడింగులు

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే విసుగ్గా లేచి వెళ్ళిపోయే రకం నేను. నమ్మకం లేకపోవడమే కాదు, వినే ఓపిక కూడా లేదు. కంప్యూటర్ తప్పు చూపించిందంటే వెనకాల ఎక్కడో ఒక మనిషి తప్పు ఉండి తీరుతుందని జీతం తీసుకుని మరీ నిరూపించినదాన్ని. అందుకే ఇది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మీకేమైనా తోస్తే మంచిదే, నాకు మాత్రం తోచలేదు.

అవి వై2కె రోజులు. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా హడలిపోతున్న కాలం. నేను మెల్‌బోర్న్ పక్కన క్లేటన్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో అద్దెకుంటూ కాంట్రాక్టు పనులు చేసేదాన్ని. యూనివర్సిటీలో ఒక ల్యాబ్ పని నాకు ఇప్పించింది ఖాదరన్న.

ఖాదరన్నది నెల్లూరు. రోడ్ల ఇంజినీరు, అక్కడ స్థిరపడి ఇరవై ఏళ్ళు. నలభై దాటాక కొండలెక్కే పిచ్చి పట్టుకుంది. నేపాల్లో ఒక మంచు శిఖరం ఎక్కడానికి మరో ఐదుగురితో కలిసి తయారవుతున్నాడు. ఆస్ట్రేలియాలో ఎంత పెద్ద కొండెక్కినా ఆ ఎత్తు రాదు కదా. అందుకని శరీరాన్ని అలవాటు చేయడానికి ఆ ల్యాబ్‌లో ఒక మూసిన గది ఉండేది. లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గించి, పదిహేను వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు చేసేవారు.

గదిలో ఆరు మంచాలు. పడుకున్నవాళ్ళ వేలికి ఒక క్లిప్పు పెడతారు. రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి వేగం ఐదు నిమిషాలకోసారి బయటి కంప్యూటర్లో నమోదవుతాయి. ఆక్సిజన్ డెబ్బైకి పడితే వెంటనే తలుపు తీసి మనిషిని బయటికి తెచ్చేయాలి. ఆ నియమాన్ని ఎవరూ, ఎప్పుడూ తప్పలేదు.

నాలుగో మంచం ఖాదరన్నది. అందరిలోకీ ఆయన రీడింగులే బాగుండేవి, ఎనభై రెండుకు ఎన్నడూ తగ్గలేదు. గదిలోంచి బయటికి రాగానే నన్ను ఆటపట్టించేవాడు. “ఏమ్మా సుధా, మీ కంప్యూటర్లకి రెండువేలు రాంగానే మతి పోతాదంట. నాకు పదిహేను వేలకి కూడా పోలా, చూసినావా?”

ఆ రీడింగులు రాసుకునే ప్రోగ్రామును సరిచేయడమే నా పని. సరిచేశాక పరీక్షించాలి. పరీక్ష అంటే కంప్యూటర్ గడియారాన్ని ముందుకు జరిపి, రాబోయే తేదీలు వచ్చేసినట్టు దాన్ని నమ్మించడం. జనవరి ఒకటి బాగానే గడిచింది. తరువాతది ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. లీపు రోజును చాలా ప్రోగ్రాములు మింగేస్తాయని అప్పట్లో అందరికీ భయం.

డిసెంబర్ మొదటి వారం, మధ్యాహ్నం. గది ఖాళీ. క్లిప్పులన్నీ సొరుగులో ఉన్నాయి, స్వయంగా నేనే సర్ది పెట్టాను. గడియారాన్ని ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం మూడున్నరకు జరిపాను. ఆరు మంచాలకూ ఖాళీ గళ్ళే రావాలి. వచ్చాయి కూడా. మూడు నలభైకి నాలుగో మంచం గడిలో అరవై ఆరు అని పడింది. పక్కన నాడి నూట ఇరవై ఎనిమిది.

తరువాత అరవై నాలుగు. ఆపైన అరవై ఒకటి. లేచి సొరుగు తీసి చూశాను. క్లిప్పు అక్కడే ఉంది, చల్లగా. ఆ తరువాత నాలుగుసార్లు ఖాళీ. హమ్మయ్య అనుకునేలోపు డెబ్బై ఒకటి. మళ్ళీ అరవై అయిదు, యాభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై మూడు. ఇక ఏమీ లేదు.

ఆ గంటసేపూ ఖాదరన్న బయట లాన్‌లోనే ఉన్నాడు. టీమ్ వాళ్ళు బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు, పెట్టుకున్నారు, ఆయన తన హలాల్ చికెన్ విడిగా కాలుస్తున్నాడు. ఒకసారి కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద తట్టి, “రామ్మా, చల్లారిపోతాది” అని కేకేశాడు. నిక్షేపంలాంటి మనిషి. తెర మీద యాభై ఎనిమిది ఉంది అప్పుడు.

ల్యాబ్ టెక్నీషియన్ జూడీని పిలిచి చూపించాను. పాత వైర్లు అంది. వైర్ల గోల అయితే మధ్యలో డెబ్బై ఒకటికి ఎందుకు లేస్తుంది అని వాదించాను. పరీక్ష మళ్ళీ నడిపితే అన్నీ ఖాళీ. పాత రికార్డు ఏదైనా పొరపాటున చొరబడిందేమోనని మొత్తం గాలించాను. డెబ్బైకి తలుపు తీసేసే గదిలో నలభై మూడు ఎక్కడిది? అలాంటి రికార్డే లేదు.

రెండు రోజుల్లో పని అప్పగించాలి. ఆ గంటను తుడిచేశాను. రిపోర్టులో అంతా సవ్యమని రాసి సంతకం చేశాను. ఖాదరన్నకు చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే వాళ్ళందరి ముందూ నవ్వులపాలవుతానని ఊరుకున్నాను. నా పరువు గురించే ఆలోచించాను, ఆయన గురించి కాదు.

ఫిబ్రవరి మధ్యలో వాళ్ళు బయలుదేరారు. పగలు కాస్త ఎత్తుకు ఎక్కడం, రాత్రికి దిగొచ్చి పడుకోవడం, మధ్యమధ్య ఒక రోజు ఆగడం. అలా నెమ్మదిగా వెళితేనే ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడుతుంది. ఖాదరన్నకు రెండు రోజులుగా దగ్గు, ఆయాసం ఉన్నా ఎవరికీ చెప్పలేదట. అడిగినవాళ్ళతో ల్యాబ్‌లో నాదే ఫస్ట్ ర్యాంకు అనేవాడట. మేము ఇచ్చిన అంకెలే ఆయన్ని మోసం చేశాయి. ఆగి ఉన్న రోజు ఉదయం కూలిపోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు పడుతోంది, కిందికి దించలేకపోయారు.

అది ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. ఆ రోజు నేను వేరే ఆఫీసులో, లీపు రోజు ఏ గొడవా లేకుండా గడిచిందని సంబరపడుతూ కేక్ తిన్నాను.

మార్చి చివర టీమ్ డాక్టర్ నోటుపుస్తకం ల్యాబ్‌కు వచ్చింది. అందులోని రీడింగులు కంప్యూటర్లోకి ఎక్కించమని నన్నే పిలిచారు. ఆ రోజు పేజీ తీశాను. నేపాల్ టైము పది ఇరవై అయిదు. మెల్‌బోర్న్‌లో సరిగ్గా మూడు నలభై. అరవై ఆరు, అరవై నాలుగు, అరవై ఒకటి. తరువాత ఇరవై నిమిషాలు ఏమీ లేదు. గాలి నింపే సంచిలో పడుకోబెట్టాం అని డాక్టర్ రాశాడు. కిందికి దించలేనప్పుడు, లోపల గాలి ఒత్తిడి పెంచి తక్కువ ఎత్తులో ఉన్నట్టు చేసే సంచి అది. బయటికి తీయగానే డెబ్బై ఒకటి, దాని పక్కన “మెరుగు” అని. మిగతావి చదవలేకపోయాను. చదవాల్సిన అవసరమూ లేదు.

జ్ఞాపకం నన్ను మోసం చేస్తోందేమో అనుకున్నాను. ఇప్పటికీ అనుకోవాలని చూస్తాను. కానీ జూడీ నా భుజం మీదుగా ఆ పేజీ చూసి, కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. “సెవెంటీ వన్” అని మాత్రం అంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలకు వాళ్ళింటికి వెళ్ళాను. జనం పలచబడ్డాక ఖాదరన్న భార్య షమీమ్ వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. “సుధా, ఆయన నంబర్లన్నీ నువ్వే చూస్తివి కదా. ఎప్పుడన్నా ఏమన్నా తేడాగా వచ్చిందా? వచ్చుంటే కాళ్ళు పట్టుకునైనా ఆపుండేదాన్ని.”

“ఏమీ రాలేదు వదినా” అన్నాను.

ఆమె ముఖం కొంచెం తేటపడింది. “అయితే ఆపే దారే లేదన్నమాట” అంటూ కళ్ళు తుడుచుకుని, గిన్నెలో ఖీర్ పోసి ఇచ్చింది. తిన్నాను.

ఇరవై ఏళ్ళు దాటింది. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎందుకు వచ్చాయో నాకు తెలియదు. చెప్పి ఉంటే ఆయన ఆగేవాడో లేదో కూడా తెలియదు. షమీమ్ వదినకు ఇప్పుడు షుగరు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష రిపోర్టు నాకే పంపుతుంది. డాక్టర్ ఏమన్నా సరే, నువ్వు చూసి బాగుందంటే చాలమ్మా అంటుంది.