బంద్ రోజు కణాలకు తిండి

మా మేడం పోయారని మొన్న ఉదయం ఫోనొచ్చింది. కొత్తపేట రైతుబజారులో తోటకూర కట్ట పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చుట్టూ మాటలు ఎక్కడో నీళ్ళ అవతల నుంచి వినిపించాయి.

ఆవిడ నాకు పరిశోధన నేర్పిన మనిషి. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. మాది బడంగ్‌పేట్, వ్యవసాయం. కణితులు పుట్టించే వైరస్ సోకిన కోడి కణాలు ల్యాబు గిన్నెల్లో గుండ్రంగా మారి, ఒకదానిమీదొకటి ఎక్కి పెరిగిపోతాయి. వైరస్‌లను అడ్డుకునేందుకు ఒంట్లోనే పుట్టే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ అలాంటి కణాలను ఏం చేస్తుందో చూడటం నా పని.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఒక బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో నినాదాలిస్తున్నాను. కణాలకు పోషక ద్రవం మార్చాలన్న సంగతే మరిచిపోయాను. ఖాళీ రోడ్డు మీద గొడుగు వేసుకుని మేడం నడిచొస్తున్నారు. కలేమో అనుకున్నాను.

ఒకాయన అడ్డొచ్చాడు. "ఏడికి పోతున్నవమ్మా? ఇయ్యాల బంద్."

"కణాలకు తిండి పెట్టాలండీ."

"ఏంది?"

నేను ముందుకురికాను. "మా మేడమే అన్నా. జర తొవ్వ ఇయ్యుండ్రి."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. వనస్థలిపురంలోని ల్యాబు దాకా ఇద్దరం నడిచాం.

"మర్చిపోయిన మేడం. కోపమొచ్చిందా?"

"నీ రాష్ట్రం నువ్వు అడుగు. వాటికి బంద్ తెలీదు కదమ్మా." గొడుగు నా వైపు జరిపి, "ఇల్లమ్మేసి వెళ్ళిపోదామంటున్నారు మావాళ్ళు," అన్నారు.

"మీరు పోవద్దు మేడం."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

ల్యాబులో చూస్తే, ప్రోటీన్ వేసిన గిన్నెలో కణాలు పలచబడ్డాయి. మిగిలినవి బల్లపరుపుగా పరుచుకుని, కదలిక లేకుండా ఉన్నాయి. చంపేసిందని సంబరంగా నోటుబుక్కులో రాశాను. మేడం ఆ ప్రోటీన్‌ను కడిగేసి మామూలు ద్రవం పోశారు. కొన్ని రోజులకు అవి మళ్ళీ గుండ్రంగా మారి, పెరగసాగాయి.

"చంపిందని రాయకు. ఆపిందని రాయి," అన్నారు. నా సంబరాన్ని నేనే కొట్టేశాను. ఈనాటికీ ఏదైనా తేల్చి చెప్పబోతే ఆ మాట అడ్డొస్తుంది.

రాష్ట్రం వచ్చింది. మేడం ఇల్లు అమ్మలేదు.

ఉద్యోగంలో ఆఖరి రోజు ఆవిడ చాలాసేపు మైక్రోస్కోప్‌లో చూసి, "రా, చూడు," అంటూ పక్కకు జరిగారు. కటకం మీద ఆవిడ ఊపిరి ఇంకా మసగ్గా ఉంది. తుడవబుద్ధి కాలేదు. ఆ మసక మెల్లగా కరిగింది. అడుగున కణాలు ఒక్కొక్కటే తేటపడ్డాయి.